లాభం ఎక్కడ మొదలవుతుంది?

దాతలు ఇచ్చే కుట్టు మిషన్ ఒక ఇంటిని నిలబెట్టాలంటే ముందు బ్రేక్ ఈవెన్ చార్టు గీయాలి. ఒక దుకాణానికి అద్దె, సహాయకురాలి జీతం కలిపి నెలకు రూ.12,000 అనుకుందాం. ఇది స్థిర వ్యయం. ఒక్కో పిల్లల గౌనుకు గుడ్డ, దారం రూ.80, అమ్మకం ధర రూ.200.

అడ్డంగా గౌన్ల సంఖ్య, నిలువుగా రూపాయలు గుర్తిద్దాం. మొత్తం వ్యయం గీత 12,000 దగ్గర మొదలై 150 గౌన్లకు 24,000 చేరుతుంది. అమ్మకాల గీత సున్నా నుంచి 30,000కు ఎక్కుతుంది. రెండూ 100 గౌన్ల దగ్గర కలుస్తాయి. అక్కడ లాభమూ లేదు, నష్టమూ లేదు.

80 గౌన్లే అమ్ముడైతే నెలకు రూ.2,400 నష్టం. స్థిర వ్యయంలో సగం మనం కొన్నాళ్లు భరిస్తే ఆ బిందువు 50కి దిగుతుంది. అవే 80 గౌన్లకు రూ.3,600 మిగులుతుంది. మిషన్‌తో పాటు ఈ లెక్కనూ అందిద్దాం.