టర్బో కారు టైర్లు: సందేహాలు – సమాధానాలు

హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ వంటి చురుకైన చిన్న కార్లు నడిపేవారి నుంచి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. వాటిలో చాలావరకు టైర్ల గురించే.

సందేహం: ఐ20 ఎన్ లైన్ కొని ఏడాది కాలేదు. నిన్న సాయంత్రం ముందు టైరులో మేకు తల కనిపించింది. గాలి దిగినట్టు లేదు. పీకేద్దామంటే భయం, అలాగే ఆఫీసుకు వెళ్దామన్నా భయం. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, కూకట్‌పల్లి

సమాధానం: కంగారు పడకండి, మేకును పీకకుండా వదిలేసి మంచి పని చేశారు. ట్యూబ్‌లెస్ టైరులో దిగిన మేకు సీసాకు బిరడాలా ఆ రంధ్రాన్ని తానే మూసి ఉంచుతుంది. గాలి చూసుకుని, తగ్గితే కొట్టించుకుని, దగ్గర్లోని పంక్చర్ షాపుకు నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లండి. మేకు అక్కడే పీకించండి. గంటలో ఐదారు పాయింట్ల గాలి పడిపోతుంటే మాత్రం కారు కదపకుండా, ఉన్నచోటే స్టెప్నీ వేయించండి.

సందేహం: పంక్చర్ షాపులో చక్రం విప్పకుండానే, బయటి నుంచి జిగురు తాడు దోపి, మిగిలిన ముక్క కోసేసి పంపించారు. ఈ వారం విజయవాడ వెళ్లాలి. వంద స్పీడులో అది ఊడొచ్చి టైరు పేలుతుందేమోనని దిగులుగా ఉంది.
– ఒక పాఠకుడు, సూర్యాపేట

సమాధానం: రోడ్డుకు ఆనే భాగంలో సరిగ్గా దోపిన తాడు ఉన్నపళంగా ఊడిరావడం అరుదు. వదులైనా సాధారణంగా గాలి మెల్లగా దిగుతుంది, అంతే. అయినా దాన్ని తాత్కాలిక ఏర్పాటుగానే చూడండి. టైరును రిమ్ నుంచి విప్పించి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించడమే మీ కారుకు సరైన పని. దాని కాడ రంధ్రాన్ని నింపుతుంది, తల లోపలి పొరకు అతుక్కుంటుంది. పైగా లోపల ఎంత దెబ్బ తగిలిందో అప్పుడే కనిపిస్తుంది. రంధ్రం 6 మిల్లీమీటర్లు మించినా, సైడ్‌వాల్‌లో పడినా ఏ ప్యాచూ పనికిరాదు. వేస్తామని ఎవరన్నా ఒప్పుకోకండి.

సందేహం: రాత్రిపూట, వానలో ఒంటరిగా ఆగడానికి భయపడి గాలి లేని టైరుతోనే రెండు కిలోమీటర్లు నడిపాను. పంక్చర్ వేశాక టైరు బాగానే కనిపిస్తోంది. వాడుకోవచ్చని మావారు అంటున్నారు. నాకు ధైర్యం చాలడం లేదు.
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: అలాంటి చోట ఆగకపోవడం తప్పేమీ కాదమ్మా. టైరు కన్నా మీరు ముఖ్యం. అయితే ఈ విషయంలో మీ అనుమానమే సరైనది. ఇలాంటి కార్లకు సాధారణంగా వచ్చే 195/55 ఆర్16 సైజులో సైడ్‌వాల్ ఎత్తు 107 మిల్లీమీటర్లే. గాలి లేకపోతే కారు బరువంతా రిమ్ ద్వారా దాని మీదే పడి, లోపలి దారాలు నలిగిపోతాయి. బయటికి ఏమీ కనిపించదు. టైరు విప్పించి లోపల చేత్తో తడిమి చూడమనండి. నల్లటి రబ్బరు పొడి రాలినా, సైడ్‌వాల్ చుట్టూ నలిగిన గీత ఉన్నా ఆ టైరు మార్చేయాల్సిందే. రెండూ లేకపోతే నిశ్చింతగా వాడుకోండి.

సందేహం: ఎండాకాలంలో టైర్లు పేలతాయి, అందుకని నాలుగైదు పాయింట్లు తగ్గించి గాలి కొట్టించమని అందరూ చెబుతున్నారు. నైట్రోజన్ పెట్టించమని మరికొందరు. పిల్లలతో శ్రీశైలం వెళ్లాలి. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, మాచర్ల

సమాధానం: పల్నాడు ఎండల్లో పిల్లలతో ప్రయాణం అంటే ఆ మాత్రం ఆలోచన ఉండటం మంచిదే. కానీ గాలి తగ్గించమనే సలహాను మాత్రం దయచేసి వినకండి. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకీ ఎక్కువగా వంగి లేస్తుంది. ఆ వంగడంలోనే వేడి పుడుతుంది, ఆ వేడికే లోపలి పొరలు విడిపోతాయి. ఎండాకాలపు ప్రమాదాలకు తోడయ్యేది తక్కువ గాలే. దానికి నిండా లగేజీ, అతివేగం కలిస్తే ఇక చెప్పనక్కర్లేదు.

డ్రైవర్ వైపు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. అందులోని అంకె ప్రకారం, పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. కారు నిండా మనుషులు ఉంటే ఎంత ఉండాలో చాలా కార్లలో అక్కడే విడిగా రాసి ఉంటుంది. గంట నడిపాక నాలుగైదు పాయింట్లు పెరగడం మామూలే. అది ముందే లెక్కలో ఉన్నది కాబట్టి వేడి టైరు నుంచి గాలి తీసేయకండి. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. పెట్టించుకుంటే నష్టం లేదు, దారిలో మామూలు గాలి కలిపినా ప్రమాదం లేదు.

బయల్దేరే ముందు టైరు వయసు కూడా చూడండి. సైడ్‌వాల్ మీద ముద్రించిన కోడ్ చివరి నాలుగంకెలే దాని పుట్టిన తేదీ. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఐదారేళ్లు దాటి, సన్నటి పగుళ్లు కనిపిస్తుంటే గాలి ఎంత సరిగ్గా ఉన్నా ఆ టైరుతో ఘాట్ ఎక్కకండి.

సందేహం: గుంతలో పడ్డాక టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు వచ్చింది. గాలి దిగడం లేదు. నెలాఖరు దాకా నడపొచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: ఖర్చు గురించి మీ ఇబ్బంది అర్థమైంది, కానీ దీన్ని నెలాఖరుకు వాయిదా వేయకండి. ఉబ్బు వచ్చిందంటే ఆ చోట లోపలి దారాలు తెగిపోయాయి. గాలిని పట్టి ఉంచుతున్నది పైనున్న పల్చటి రబ్బరే. ఈ రోజే స్టెప్నీ వేయించి, ఆ టైరు మార్చేయండి. రిమ్ వంగిందేమో చూపించి, అలైన్‌మెంట్ కూడా చేయించండి.

సందేహం: మా అబ్బాయి పోలో జీటీకి 17 అంగుళాల అలాయ్‌లు, రీమ్యాప్, పెద్ద శబ్దం చేసే సైలెన్సర్ పెట్టిస్తానంటున్నాడు. వద్దంటే గొడవ. ఇందులో ఏది ప్రమాదం, ఏది కాదు?
– ఒక తల్లి, గుంటూరు

సమాధానం: కారు మీద ఆ వయసు పిల్లలకు ఇష్టం ఉండటం తప్పు కాదమ్మా. అన్నిటికీ ఒకేసారి వద్దనకుండా, ఒక్కొక్కటి విడదీసి మాట్లాడండి.

చక్రాల సంగతి లెక్కతో తేలుతుంది. 195/55 ఆర్16 బదులు 215/45 ఆర్17 వేస్తే చక్రం మొత్తం ఎత్తు దాదాపు అంతే ఉంటుంది, స్పీడోమీటర్ పెద్దగా తప్పదు. కానీ సైడ్‌వాల్ 107 నుంచి 97 మిల్లీమీటర్లకు పడిపోతుంది. మన గుంతల్లో రిమ్ వంగేది, ఉబ్బులు వచ్చేది ఇందువల్లే. అందుకే కంపెనీ సైజులోనే మంచి పట్టున్న టైర్లు కొనమంటాను. సైజు చివర ఉండే స్పీడ్ అక్షరం, బరువు అంకె పాతవాటికన్నా తగ్గకూడదు. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల దాకా, వీ అంటే 240 దాకా తట్టుకునే టైరు. ఆ వేగంతో వెళ్లమని కాదు, వేడిని అంత బాగా ఓర్చుకుంటుందని.

రీమ్యాప్ చేస్తే కారు నిజంగానే చురుగ్గా పరిగెడుతుంది. అయితే క్లచ్, గేర్‌బాక్స్ మీద భారం పెరుగుతుంది, కంపెనీ వారంటీ ఉంటే దానికి గండి పడుతుంది. బీమా కంపెనీకి చెప్పకుండా చేయిస్తే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. ఆ డబ్బుతో ముందు మంచి బ్రేక్ ప్యాడ్లు వేయించి, రెండేళ్లు దాటిన బ్రేక్ ఆయిల్ మార్పించమనండి. తేడా అతనికే తెలుస్తుంది.

సైలెన్సర్ మాత్రం ససేమిరా వద్దు. 1988 మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద పది వేల రూపాయల దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ పడవచ్చు. లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది.

సందేహం: ముందు టైర్లు రెండూ అరిగాయి. కొత్తవి రెండే కొనగలను. ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలనే కదా, ముందే వేయించనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: రెండే కొనడంలో తప్పేమీ లేదు. కొత్తవి వెనక వేయించి, వెనకవాటిని ముందుకు మార్పించండి. వాన రోడ్డు మీద ముందు టైర్లు జారితే యాక్సిలరేటర్ వదిలి కారును అదుపులోకి తెచ్చుకోవచ్చు. వెనకవి జారితే కారు గిర్రున తిరుగుతుంది, దాన్ని ఆపడం మామూలు డ్రైవర్ తరం కాదు. ముందుకు మార్చే టైర్లలో గాడి లోతు మాత్రం చూడండి. అది 1.6 మిల్లీమీటర్లకు చేరితే చట్టప్రకారం కూడా ఆ టైరు నడపకూడదు. వానాకాలానికి మూడు ఉంటే నయం.

సందేహం: మేం కొన్న కొత్త కారు డిక్కీలో స్టెప్నీ లేదు, చిన్న పంపు, జిగురు సీసా మాత్రమే ఉన్నాయి. మమ్మల్ని మోసం చేశారా?
– ఒక జంట, రాజమహేంద్రవరం

సమాధానం: మోసమేమీ కాదు, నిశ్చింతగా ఉండండి. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, రిపేరు కిట్ ఉంటే స్టెప్నీ లేకుండా అమ్మడానికి 2020లో కేంద్రం నిబంధనలు సవరించింది. మేకు గుచ్చుకున్న చిన్న రంధ్రానికి ఆ జిగురు చాలు. వేశాక తక్కువ వేగంలో షాపు దాకా వెళ్లి, లోపల జిగురు ఉందని ముందే చెప్పండి. సైడ్‌వాల్ చిరిగితే మాత్రం ఆ సీసా దేనికీ పనికిరాదు. జాతీయ రహదారి మీద అలా జరిగితే కారును అంచుకు తీసి, హజార్డ్ లైట్లు వేసి, అందరూ రోడ్డుకు దూరంగా నిలబడి 1033కి ఫోన్ చేయండి.