మూడేళ్ల మెట్టు



జూరాల ప్రాజెక్టు దగ్గరి ధరూర్ మండలంలో సీడు పత్తి క్రాసింగ్ పనులు మొదలైతే తల్లులు పొద్దున్నే చేలకు వెళ్లాలి. చిన్నబిడ్డను ఎవరు చూడాలి? కొన్ని ఇళ్లలో ఆ భారం పదేళ్ల అక్కపై పడి, ఆమె బడి ఆగిపోతుంది. "రెండేళ్లవాణ్ణి మూడేళ్లని రాయించి అంగన్‌వాడీలో కూర్చోబెడితే తప్పేమిటి?" అని ఒక తల్లి అడగవచ్చు. ఆమె కష్టం నిజమైనదే. అయితే జవాబు బిడ్డ ఎదుగుదలలో ఉంది.

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో పిల్లలు రెండు జట్లు. మూడేళ్ల లోపు పిల్లలు ఇంటివద్దే పెరుగుతారు. కేంద్రంలో బరువు చూస్తారు, బాలామృతం ఇస్తారు. మూడు నుండి ఆరేళ్ల వారికి అక్కడే భోజనం, ఆటపాటలు. ఆరేళ్లు నిండాక ఒకటో తరగతి. రెండేళ్ల బిడ్డకు ఒడి కావాలి. మూడేళ్ల బిడ్డ జట్టులో ఆడగలడు. ఒక టీచరు, ఒక ఆయా అందరినీ ఎత్తుకోలేరు కదా!

వయసు తప్పుగా రాయిస్తే మరో నష్టం కూడా ఉంది. ఎదుగుదల పట్టికలో వయసును బట్టే బరువును కొలుస్తారు. రెండేళ్ల ఆరోగ్యవంతుడు మూడేళ్ల గీతపై బలహీనుడిగా కనబడవచ్చు. తరువాత ఐదేళ్లకే ఒకటో తరగతిలో కూర్చుని చదువుకు భయపడతాడు.

అలాగని పక్కింటి బిడ్డతో పోల్చి దిగులుపడవద్దు. మన దేశంతో సహా ఐదు దేశాల పిల్లలను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రకారం, బిడ్డ ఆసరా లేకుండా కూర్చోవడం సుమారు 4 నుండి 9 నెలల మధ్య, ఒంటరిగా నడవడం 8 నుండి పదిహేడున్నర నెలల మధ్య ఎప్పుడైనా జరగవచ్చు. కొందరు పాకకుండానే నడిచారు.

మూడేళ్లు నిండేనాటికి ఇవి గమనించండి:

1. చిన్న మాటలు కలిపి తనకు కావలసింది చెప్పగలడా?
2. తనంతట తాను అన్నం తినడం నేర్చుకుంటున్నాడా?
3. పరుగెత్తుతాడా, మెట్లు ఎక్కుతాడా?
4. తోటి పిల్లలతో ఆడాలని చూస్తాడా?

ఒకటి ఆలస్యమైనంత మాత్రాన బిడ్డను ఇంట్లో ఆపవద్దు. తోటి పిల్లల మధ్య మాటలు త్వరగా వస్తాయి. అయితే ఏడాదిన్నరకు నడవకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా "వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అని సరిపెట్టుకోవద్దు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలి. ఆ రోజు బిడ్డను తప్పక చూపించండి. అంతవరకు ఆగకుండా ఆశా కార్యకర్తకూ చెప్పండి.

మార్పు మెల్లగా జరగాలి. మొదటి రోజుల్లో అమ్మగానీ అవ్వగానీ గంటసేపు కేంద్రంలో కూర్చోవాలి. బిడ్డకు తెలియకుండా జారుకోవద్దు. "పొద్దెక్కేసరికి వస్తా" అంటే వచ్చి తీరాలి. ఆ నమ్మకమే బిడ్డకు ధైర్యం.

మరి రెండేళ్ల బిడ్డ సంగతి? 2022 నుండి అమలులో ఉన్న పాల్నా పథకం కింద ఆరు నెలల బిడ్డను కూడా చూసే క్రెచ్‌లు ఉన్నాయి. మీకు అందుబాటులో ఉందేమో అంగన్‌వాడీ టీచరును అడగండి. లేనిచోట విచారణలోని నాలుగు కుటుంబాలు కలిసి, ఇంట్లో ఉన్న పెద్దలు వంతులవారీగా పిల్లలను చూసుకోవచ్చు. అప్పుడు చిన్నవాడి వయసు పెంచనక్కరలేదు, అక్క బడి మాన్పించనక్కరలేదు.