తోకచుక్క తన దినమును తానే మార్చుకొను విధము

దీపావళినాటి రాత్రి మనము కాల్చు బాణసంచాలో తారాజువ్వయు భూచక్రమును గలవు. రెంటియందును నిండియున్నది మందే. రెండును వాయువును చిమ్ముటచేతనే కదలును. అయినను జువ్వ నింగికెగయును. చక్రము నేలమీదనే గిఱగిఱ తిరుగును. జువ్వలో వాయువు దాని నడిమిగుండ సూటిగా వెనుకకు వెడలును. చక్రములోనో, అంచునుండి పక్కవాటుగా వెడలును. ఈ భేదమును జ్ఞప్తియందుంచుకొనినచో తోకచుక్కల దినప్రమాణము మారుటకు గల కారణము సులభముగా బోధపడును.

తోకచుక్క యనగానే పొడవైన తోకయే మనకు తోచును గాని, దానికెల్ల మూలము తలలో దాగియున్న యొక చిన్న గడ్డ. మంచును ధూళియు గలిసిన యీ గడ్డను కేంద్రకమందురు. సాధారణముగా దాని వెడల్పు కొలది మైళ్లకు మించదు. అదియు భూమివలెనే తన చుట్టు తాను తిరుగుచుండును. ఒక చుట్టు తిరుగుటకు పట్టు కాలమునే యిచ్చట దినమనుచున్నాను. సూర్యుని సమీపించినపుడు దాని మంచు కరగి నీరు కాదు. కర్పూరము హరించునట్లు తిన్నగా ఆవిరియై వెడలిపోవును.

ఈ యావిరికి త్రోయు బలము గలదని తెలియుటకు చాల కాలము పట్టెను. 19వ శతాబ్దమున జర్మను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడగు ఎంకే యొక తోకచుక్క మార్గమును గణించెను. అది యించుమించు 3 సంవత్సరముల 4 నెలలకొకమారు వచ్చునది. కాని ప్రతి పర్యాయమును సుమారు రెండున్నర గంటలు ముందుగనే వచ్చుచుండెను. అంతరిక్షమున నేదియో పలుచని పదార్థము దాని నడ్డుచున్నదని ఆయన తలచెను. 1950లో అమెరికా శాస్త్రజ్ఞుడగు ఫ్రెడ్ విప్పిల్ వేఱొక సమాధానము చెప్పెను. మన యూళ్లలో మిట్టమధ్యాహ్నముకంటె రెండు మూడు గంటల వేళనే వేడి హెచ్చు గదా. అట్లే కేంద్రకమునందును సూర్యునికెదురుగా నుండి కొంచెము తిరిగిపోయిన భాగమునుండి ఆవిరి హెచ్చుగా వెడలును. ఆ త్రోపు తోకచుక్కను దాని మార్గమున ముందుకో వెనుకకో స్వల్పముగా నెట్టును. ఏ వైపునకనునది అది తిరుగు దిక్కును బట్టి యుండును. ఇది తారాజువ్వ పని.

ఇక భూచక్రపు పని. కేంద్రకము నున్నని బంతివలె నున్నచో, ఉపరితలమునుండి నిట్టనిలువుగా వెడలు ఆవిరి త్రోపు నడిమి బిందువునకే సూటిగా తగులును. కావున తిరుగుటలో మార్పుండదు. కుమ్మరి సారెను ఇరుసువైపునకు నొక్కి చూడుడు, అది తిరుగదు. అంచున కఱ్ఱపెట్టి పక్కకు త్రోసిననే తిరుగును. కాని కేంద్రకములు బంతులు కావు. గుంటలు, మిట్టలు, వంకరలు గలవి. అందుచే ఆవిరి త్రోపు కొంత పక్కవాటుగా తగులును. అది తిరుగు దిక్కుననే త్రోసినచో వేగము హెచ్చును, ఎదురుగా త్రోసినచో తగ్గును.

“బయటినుండి యెవ్వరును త్రోయలేదే, వేగమెట్లు మాఱును?” అని మా తరగతిలో నొక బాలుడు ప్రశ్నించెను. మంచి ప్రశ్నయే. వెడలిపోవు ఆవిరియే తిరుగుటలో కొంత భాగమును తనతో గొనిపోవును. దానికి సరియైన మార్పు గడ్డయందు మిగులును.

దీనిని మిగుల సమీపమునుండి చూచినది రొజెట్టా యను యూరోపియనుల వ్యోమనౌక. అది 2014 ఆగష్టులో చుర్యుమోవ్–గెరాసిమెంకో యను తోకచుక్కను చేరి 2016 సెప్టెంబరు వఱకు దానితోనే ప్రయాణించెను. ఆ కేంద్రకము రెండు ముద్దలను సన్నని మెడతో నంటించినట్లుండి, చూచువారికి బాతును దలపించినది. 2009లో సూర్యుని సమీపించుటకు పూర్వము దాని దినము 12 గంటల 46 నిమిషములు. 2014 నాటికి 12 గంటల 24 నిమిషములు. 2015 ఆగష్టు 13వ తేదీన మరల సూర్యుని సమీపించి దాటిపోవునప్పటికి, అది సుమారు 12 గంటల 3 నిమిషములైనది. అనగా ప్రతి ప్రదక్షిణమునకును దానికి ఇరువది నిమిషముల పైచిలుకు తఱుగు.

ఇంతకంటె వింతయైనది టటిల్–జియకోబిని–క్రెసాక్ అను తోకచుక్క కథ. 2017 మార్చిలో అమెరికాలోని యొక దూరదర్శిని దాని దినము సుమారు 20 గంటలని చూపెను. మే నెలలో స్విఫ్టను కృత్రిమోపగ్రహము చూడగా అది 46 గంటలను మించియుండెను! రెండు నెలలలో దినము రెండింతలకు పైగా పెరిగినది. కేంద్రకము చిన్నదగుటయు, చిమ్ముధారలు తిరుగుటకెదురుగా త్రోయు చోట్లనుండుటయు కారణములు. ఇతర విషయములు సమానముగా నున్నచో, వ్యాసము సగమైన గడ్డ వేగము నాలుగింతలు త్వరగా మాఱును.

ఇట్లు మందగించుచు పోయినచో నది నిలిచి, ఎదురుదిక్కున తిరుగుటయు సంభవమే. వేగము హెచ్చుచు పోవు దానికి వేఱొక యాపద గలదు. చుర్యుమోవ్–గెరాసిమెంకో కేంద్రకము అంతే పరిమాణముగల నీటి బరువులో దాదాపు సగమే తూగును. దాని ఆకర్షణ మిక్కిలి స్వల్పము. అట్టి గడ్డ నాలుగైదు గంటలకొక చుట్టు తిరుగజొచ్చినచో, తన యాకర్షణ మాత్రము దానిని పట్టి యుంచజాలదు. మంచు ధూళుల పట్టు సడలినచో ముక్కలు చెక్కలగును. తోకయను శోభను కలిగించు ఆవిరియే గడ్డను చీల్చుటకును కారణమగుట గమనింపదగినది.

టటిల్–జియకోబిని–క్రెసాక్ సుమారు అయిదున్నర యేండ్లకొకమారు సూర్యుని సమీపించును. 2022లో వచ్చి పోయినది; మరల 2028లో రావలసియున్నది. అప్పుడు దాని దినమెంతయో, ఏ దిక్కున తిరుగుచున్నదో కొలుచుటకు దూరదర్శినులు సిద్ధముగా నుండును.