రెండో వేసవి పద్దు

కాశీబుగ్గ

అమ్మలూ,

నువ్వు ఫోనులో పెట్టిన మెసేజి మూడుసార్లు చదివాను. "మా కుర్రకారంతా కలిసి ఊరి చెరువు బాగుచేద్దామనుకుంటున్నాం తాతయ్యా, గట్టు మీద మొక్కలు వేద్దామనుకుంటున్నాం, డబ్బులెవరిస్తారు?" అని అడిగావు. రెండు ముక్కల్లో తేలేది కాదిది. పంచాయతీ ఆఫీసులో కొలువు చేసి చేసి, కాగితం మీద పెడితేగానీ నాకు బుర్ర కదలదు. అందుకే ఈ ఉత్తరం. కాలేజీ బస్సులో టెక్కలి వెళ్తూ చదువుకో.

ముందు నీ ప్రశ్నలో ఒక మాట దిద్దుతాను, కోపగించుకోకు. "ఎవరిస్తారు" అంటే చందా అడుగుతున్నట్టుంది. ఇది ఊరికి రావలసిన సొమ్ము. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది, మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం 1994లో వచ్చింది. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకు అప్పగించదగినవని 29 అంశాలు రాశారు. తాగునీరు, చిన్న నీటి వనరులు, సామాజిక అడవులు, ఊరుమ్మడి ఆస్తుల నిర్వహణ, అన్నీ అందులో ఉన్నాయి. పెత్తనం కాగితం మీద వచ్చినంత తొందరగా పైకం రాలేదు, అది వేరే కథ. అయినా నువ్వు గ్రామసభలో నిలబడి "మా వాటాలో ఇంత దీనికి పెట్టండి" అనాలి. "దయచేసి ఇప్పించండి" అనకు.

ఊరి డబ్బు ఒక్క సంచిలో ఉండదు. మీ అమ్మమ్మ పోపుల డబ్బా చూశావు కదా, ఆవాల గిన్నెలో చెయ్యిపెడితే మెంతులు రావు. పంచాయతీ పద్దులూ అంతే. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 సంవత్సరాలకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫారసు చేసింది. అందులో కనీసం 70 శాతం గ్రామ పంచాయతీలకే చేరాలంది, మిగతాది మండలానికీ జిల్లా పరిషత్తుకీ. ఇక పంచాయతీకి వచ్చిన దానికి ఆ సంఘం కళ్ళెం వేసింది. మీ ఊరికి ఏడాదికి పది లక్షలు వచ్చిందనుకో. మూడు లక్షలు తాగునీరు, వాననీటి నిల్వ, నీటి పునర్వినియోగానికి. మూడు లక్షలు పారిశుద్ధ్యానికి. మిగిలిన నాలుగు లక్షలు ఊరి అవసరాన్ని బట్టి, జీతాలకు తప్ప. మొదటి ఆరు లక్షల్నీ ఆఫీసు భాషలో "టైడ్" అంటారు, తక్కిన దాన్ని "అన్‌టైడ్" అంటారు. ఆ సంఘం గడువు 2026 మార్చితో సరి, తర్వాత పదహారోది. శాతాలు అటూ ఇటూ కావచ్చు, గిన్నెలు వేరువేరుగానే ఉంటాయి.

ఇప్పుడు చెప్పు, మీ చెరువు ఏ గిన్నెలోది? "చెరువు అభివృద్ధి" అని అర్జీ రాస్తే ఏ గిన్నెలోదో తేలదు. "వాననీటి నిల్వ, దాంతో తాగునీటి బోరుకు ఊట" అని రాస్తే మొదటి గిన్నెలో పడుతుంది. అబద్ధం రాయమనడం లేదు. చెరువు నిండితే బోరులో నీరు పైకి రావడం నిజమే. ఉద్దానంలో ఆ మాటకున్న బరువు నీకు తెలుసు. కిడ్నీ జబ్బుతో మన వీధిలో ఎందరు మంచం పట్టారో నువ్వూ చూశావు. హిరమండలం రిజర్వాయరు నుంచి నీళ్ళు తేవడానికి 700 కోట్లతో సుజలధార కట్టి, 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు ప్రారంభించారు. అంత పెద్ద పని ఏ పంచాయతీ వల్లా కాదు. కానీ గొట్టం పగిలిన చోట మట్టి కప్పడం, చేతిపంపు చుట్టూ మురుగు నిలవకుండా చూడడం, గెడ్డలోకి చెత్త పోకుండా ఆపడం, వీటికి హైదరాబాదూ అక్కర్లేదు, అమరావతీ అక్కర్లేదు.

ఆర్థిక సంఘం సొమ్ము కాక రెండో పెద్ద గిన్నె ఉపాధి హామీ పని. 2005 చట్టంతో 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. పూడికతీత, గట్టు బలపరచడం, మొక్కలు, అన్నీ ఆ పద్దులోనే ఎక్కువ జరిగాయి. కూలికి 60, సామగ్రికి 40 అన్నది లెక్క. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్తది చేసింది, రాష్ట్రాల మీద భారం పెరిగింది. కొత్త నిబంధనలు మండల ఆఫీసులో ఉపాధి పనులు చూసే ఏపీఓను అడిగి తెలుసుకో, నాకు తెలిసిన పాత లెక్కల మీద ఆధారపడకు. పని కావాలంటే ముందు గ్రామసభలో తీర్మానం, పనుల జాబితాలో పేరు ఉండాలన్నది మాత్రం పాతదే. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా ఒక్కరోజే 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు గదా, అప్పుడు ఆమోదించినవి ఈ పనుల జాబితాలే. ఆ రోజు మీ ఊరి సభకు నువ్వు వెళ్ళావా? వెళ్ళలేదని మీ నాన్న చెప్పాడు. సరేలే.

నా తప్పు ఒకటి చెప్తాను, అసలు ఈ ఉత్తరం అందుకే. ఊరు పేరు చెప్పను. నేను కార్యదర్శిగా ఉన్న ఒక పంచాయతీలో రోడ్డుకు రెండు పక్కలా మొక్కలు వేయించాను. వానలు పడ్డాయి, గుంతలు తీశారు, కానుగ, వేప నాటారు, ముళ్ళకంప కట్టారు, పెద్దలొచ్చి ఫొటో దిగారు. అంచనాలో గుంతకు డబ్బుంది, మొక్కకు ఉంది, కంపకు ఉంది, బోర్డుకు కూడా ఉంది. రెండో వేసవిలో నీళ్ళు పోసే మనిషికి లేదు. నేనే అడగలేదు. అడిగితే అంచనా పెరుగుతుంది, మంజూరు ఆలస్యమవుతుంది అనుకున్నాను. మరుసటి మే నెలకి కంప మిగిలింది, బోర్డు మిగిలింది. ఆ బోర్డు మీద మొక్కల సంఖ్య చదివి బడి పిల్లలు లెక్కపెట్టి నవ్వేవారు. ఉద్యోగంలో నాకు మెమో వచ్చిన రోజులున్నాయి, ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే నీకు చెప్పేది ఒక్కటే. మొక్క నాటడానికి డబ్బు దొరకడం కష్టం కాదు, రెండో వేసవికి దొరకడం కష్టం. ఆ పద్దు మొదటి రోజునే అడుగు. ఎవరు నీళ్ళు పోస్తారు, ఎన్నాళ్ళు, నెలకు ఎంత, ఏ పద్దులోంచి, ఈ నాలుగూ తీర్మానంలోనే రాయించు. ఊరూరా కట్టిన సంపద కేంద్రాల సంగతీ ఇంతే. చెత్త నుంచి ఎరువు చేస్తామని షెడ్లు లేచాయి, తొట్లు వచ్చాయి. చెత్త సేకరించే గ్రీన్ అంబాసిడర్లకు నెలనెలా జీతం అందిన చోట వానపాముల ఎరువు వచ్చింది. అందని చోట ఆ షెడ్డులో ఇప్పుడు ఎవరివో గడ్డిమోపులు.

డబ్బే అడగక్కర్లేని దారి కూడా ఉంది, కాస్త బుద్ధి వాడితే. గట్టు మీద గుల్‌మొహర్లు వద్దు. వానకాలంలో తాటి టెంకలు పాతండి. నీళ్ళు పొయ్యక్కర్లేదు, మేకలు ముట్టవు, గట్టును వేళ్ళు పట్టుకుంటాయి. మీ ఊళ్ళో ముంజెలు తిని పారేసే టెంకలు మొలవవు, పండిన తాటికాయల టెంకలే ఏరండి. సముద్రం వైపు ఇసుక దిబ్బలకైతే మొగలి, సరుగుడు, జీడి. తిత్లీ తుపాను వచ్చిన రాత్రి నీకు గుర్తుండదేమో, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటింది, గంటకు 140-150 కిలోమీటర్ల గాలి. కొబ్బరి, జీడి తోటలు పడుకున్నాయి. పొద్దున్న లేచి చూస్తే ఆకాశం మరీ పెద్దదైపోయినట్టుంది.

ఆ తుపానులో జనం అంతగా గమనించని సంగతి ఇంకొకటి ఉంది. అప్పటికి రెండు నెలల ముందే, ఆగస్టులో, పంచాయతీ పాలకవర్గాల గడువు తీరిపోయింది. ప్రత్యేకాధికారులే దిక్కు. మళ్ళీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గానీ జరగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్రం ఆర్థిక సంఘం సొమ్ము ఆపేస్తుంది. ఊరికి అన్నిటికన్నా అవసరమైన సమయంలో ఊరి తరఫున సంతకం పెట్టే సర్పంచి లేడు. ఎన్నికలయ్యాక మాత్రం ఏం సుఖం? కరెంటు బకాయిల కింద ఆర్థిక సంఘం నిధులు సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కారు. ఇదంతా నిన్ను భయపెట్టడానికి కాదు. మంజూరైంది అన్న మాటకూ ఖాతాలో పడింది అన్న మాటకూ ఉన్న దూరం తెలియాలని. మీ పంచాయతీ జమాఖర్చులు ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్లో ఉంటాయి. ఊరి పేరు కొట్టి చూడు. నీ ఫోనులో రెండు నిమిషాల పని, నా కాలంలో దానికోసం మండలాఫీసు చుట్టూ నెల్లాళ్ళు తిరిగేవారు.

ఇంకొక గిన్నె మీ టెక్కలి వైపే ఉంది. అక్కడి నీలిరాయి దేశదేశాలకు పోతుంది. క్వారీవాళ్ళు సీనరేజి కట్టినప్పుడు దాని మీద కొంత జిల్లా ఖనిజ నిధికి జమవుతుంది. 2015 నాటి మార్గదర్శకాల్లో ఆ నిధిలో కనీసం 60 శాతం తాగునీరు, పర్యావరణం, వైద్యం, చదువు వంటి వాటికే పెట్టాలన్నారు, 2024లో దాన్ని 70 చేశారు. క్వారీ ధూళి పడే ఊళ్ళకు ఇందులో మొదటి హక్కు. కలెక్టరు అధ్యక్షుడు. మీ ఊరికి క్వారీ లేదు గనక నీకు పనికిరాదు, నీ స్నేహితురాళ్ళలో ఆ వైపు పిల్లలుంటే చెప్పు.

రాయడం సంగతి ఒకటి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థా జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వెయ్యాలి, ఊళ్ళోని చెట్టూ పిట్టా చేపా గడ్డీ రిజిస్టరులో రాయాలి. చాలా చోట్ల అది ఎవరో వచ్చి నింపేసి బీరువాలో పెట్టిన పుస్తకం. మీది అలా కానివ్వకండి. సోంపేట దగ్గరి చిత్తడి నేల, బీల, గుర్తుందా? అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం పెడతామన్నప్పుడు కాగితాల్లో అది ఎందుకూ పనికిరాని భూమి. చేపలు పట్టినవాళ్ళకు, ఆ నీటితో వరి పండించినవాళ్ళకు, పశువుల్ని తోలినవాళ్ళకు అది కూడు. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతి కొట్టేసింది. బీలలో ఏముందో ముందే ఊరి పుస్తకంలో రాసి ఉంటే కాల్పులు ఆగేవని అనను. నీరున్న నేలను బీడు అని రాయడానికి మాత్రం ఎవరికైనా కలం కొంచెం తడబడేది.

ఊరే కాపాడుకుంటున్న చోటూ ఉంది, తేలినీలాపురం చూడు. ఏటా గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి ఊళ్ళోని చెట్ల మీదే గూళ్ళు కడతాయి. రెట్ట కంపు భరించేది ఊరివాళ్ళు, పిట్టకు రాయి తగలకుండా చూసేదీ వాళ్ళే. ఆ కాపలా ఏ అంచనాలోనూ ఉండదు.

ఊరి డబ్బు ఊరే తేల్చుకున్న చోట్లూ ఉన్నాయి. కేరళలో 1996లో ప్రజాప్రణాళిక పెట్టి రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా పంచాయతీలకు వదిలారు. బ్రెజిల్‌లో పోర్తో అలెగ్రె నగరం 1989 నుంచి బడ్జెట్టులో కొంత భాగం జనాన్నే తేల్చుకోమంది. అవన్నీ చదువుకో, మంచిదే. కానీ అక్కడ జరిగిందంటే పైవాడు వదిలాడు, కిందివాడు వచ్చి కూర్చున్నాడు. మన దగ్గర పైవాడు వదలడం లేదన్నది నిజమే, సభకు వచ్చి కూర్చునేవాళ్ళు పాతికమంది దాటరన్నదీ నిజమే. కోరం కోసం ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించిన పాపం నాదీ ఉంది.

ఇక పని. ఆ చెరువు ఏ శాఖ చేతిలో ఉందో, చేపల వేలం సొమ్ము ఎవరికి జమవుతోందో ముందు కనుక్కో. ఆయకట్టు రైతులతో 1997 చట్టం ప్రకారం నీటి సంఘం ఉంటే వాళ్ళను పక్కన పెట్టి అడుగు వెయ్యకు, గొడవైపోతుంది. మదుము ఎంత లోతున ఉందో, పూడిక ఎంత ఉందో మీరే కొలవండి. తవ్విన మట్టి ఏ రైతు పొలానికి తోలుకుంటాడో పేర్లు రాయించుకోండి, లేకపోతే గట్టు మీద పోసింది మొదటి వానకే మళ్ళీ చెరువులో పడుతుంది. గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు ఉంటాడు, అంచనా అతను వేస్తాడు, పక్కన నువ్వు కూర్చో. పని పూర్తయ్యాక కొలతల పుస్తకంలో, అదే ఎం-బుక్కులో, ఎంత రాశారో చూడు. సామాజిక తనిఖీ రోజున ఊళ్ళో ఉండు, పెళ్ళికో పేరంటానికో పోకు.

మీ ఊరి వచ్చే ఏడాది ప్రణాళిక అక్టోబరు 2 తర్వాత మొదలవుతుంది. గ్రామసభ తేదీ తెలియగానే కబురు పెట్టు, నేనూ వచ్చి వెనక వరసలో కూర్చుంటాను. మాట్లాడేది మాత్రం నువ్వే. కొలిచే టేపు కొనకండి, నా పాతది ఉంది, యాభై మీటర్లది. మొదటి అర మీటరు చిరిగిపోయింది, అది తీసేసి లెక్కపెట్టుకోండి.

మీ తాతయ్య