పేరు ఎక్కడ తయారవుతుంది?

సంఘాల మహాజన సభలకు వెళ్ళినప్పుడు మమ్మల్ని తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. "పట్నంలో బోర్డులకూ, పత్రికల్లో ప్రకటనలకూ సమాఖ్య డబ్బు ఖర్చు పెడుతోంది. అది మా పాల రేటులో కలిపితే లీటరుకు నాలుగు పైసలైనా వస్తాయి గదా?" ఈ మాటలో న్యాయం ఉంది. ఆ డబ్బు రైతుదే. అందుచేత ఈ నెల పాఠానికి ఆ ప్రశ్ననే తీసుకుంటున్నాము. కార్యదర్శులు దీనిని పాలకవర్గ సమావేశంలో చదివి వినిపించగలరు.

మనకంటె ముందు ఇదే దారిన నడిచినవారి సంగతి చూద్దాము. గుజరాత్‌లోని ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార యూనియన్ 1946 డిసెంబరు 14న ఆణంద్‌లో రిజిస్టరు అయింది. అప్పటికి దానికున్నవి రెండు గ్రామ సంఘాలు, రోజుకు 247 లీటర్ల పాలు. మన సంఘాలలో ఒక్కటే అంతకు మించి పోసేవి ఉన్నాయి. మొదటి సంవత్సరాలలో ఆ పాలు బొంబాయి ప్రభుత్వ పాల పథకానికి వెళ్ళేవి. తాగేవారికి అవి ఎవరి పాలో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. 1955లో వెన్న, పాలపొడి తయారుచేసే ఫ్యాక్టరీ ప్రారంభమయ్యాక గాని పేరు అవసరం కాలేదు. దుకాణంలో పక్కపక్కన రెండు వెన్న పొట్లాలు ఉన్నప్పుడు ఒకదానిని పేరు పెట్టి అడగాలి గదా!

ప్రయోగశాలలో పనిచేసే ఒక ఉద్యోగి 'అమూల్య' అన్న మాట నుంచి 'అమూల్' అనే పేరు సూచించారు. వెల కట్టలేనిది అని అర్థం. ఆణంద్ యూనియన్ పేరులోని మొదటి అక్షరాలకూ అది సరిపోయింది. 1957లో దానిని వాణిజ్య చిహ్నంగా రిజిస్టరు చేయించారు. చిన్న మాట, ఏ భాషవారికైనా నోరు తిరిగే మాట. పేరు ఎంచుకునేటప్పుడు ఇంతకుమించి తెలివి అక్కరలేదని మా అభిప్రాయం.

కాని పేరు బాగున్నంత మాత్రాన వెన్న అమ్ముడుపోలేదు. అప్పట్లో బొంబాయివారికి వెన్న అంటే పోల్సన్ వెన్న. అది నిలవ ఉంచి పులిసిన మీగడతో, బాగా ఉప్పు వేసి చేసినది, పసుపు రంగుది. ఆణంద్ వెన్న గేదె పాలది. తాజా మీగడతో చేసినది కనుక కమ్మనిది, రంగు తెలుపు. మన ఇళ్ళలో అయితే అదే అసలైన వెన్న అంటాము. బొంబాయివారు మాత్రం చప్పగా ఉందని పక్కన పెట్టారు. యూనియన్ మేనేజరు వర్గీస్ కురియన్ ముందు రెండు దారులు ఉన్నాయి. మాదే మంచి వెన్న అని జనంతో వాదించడం ఒకటి, జనం నాలుకకు తగినట్టు మార్చుకోవడం ఒకటి. ఆయన రెండవది ఎంచుకున్నారు. ఉప్పు పెరిగింది, రంగు చేరింది, వెన్న కదిలింది.

ఈ విషయం మన నెయ్యికీ వర్తిస్తుంది. గేదె నెయ్యి తెల్లగా ఉంటుంది, ఆవు నెయ్యి పసుపుగా ఉంటుంది. పల్లెలో పుట్టినవారికి ఇది చెప్పనక్కరలేదు. పట్నంలో పుట్టినవారు తెల్లటి నెయ్యిని చూసి డాల్డా కలిపారేమో అనుకోవడం మేము విన్నాము. సీసామీద 'గేదె నెయ్యి' అని పెద్ద అక్షరాలతో వేస్తే సగం అనుమానం అక్కడే తీరుతుంది. మిగతా సగం పూస చూసి, వాసన చూసి తీరాలి. కాచిన నెయ్యిని కదపకుండా నిదానంగా చల్లారనిస్తేనే పూస కడుతుంది. త్వరపడి సీసాల్లో పోసి చల్లటి గదిలో పెట్టేస్తే ముద్ద కడుతుంది, కొనేవారు పెదవి విరుస్తారు.

ఇక ప్రకటనల సంగతి. చుక్కల గౌను తొడుక్కున్న అమూల్ పాప బొమ్మ 1966లో వచ్చింది. సిల్వెస్టర్ డకున్హా అనే ప్రకటనల నిపుణుని ఆలోచన అది, బొమ్మ గీసినవారు యూస్టస్ ఫెర్నాండెజ్. తేదీలు గమనించండి. యూనియన్ పుట్టిన 20 ఏళ్ళకు, పేరు రిజిస్టరు అయిన 9 ఏళ్ళకు బొమ్మ వచ్చింది. అంతవరకు నిలబెట్టింది సరుకే. బొమ్మ వచ్చాక కూడా వారు ధారాళంగా ఖర్చు పెట్టలేదు. అమ్మకాలలో ప్రకటనల వాటా ఒక శాతం లోపేనని ఆ సంస్థ అధికారులు పలుమార్లు చెప్పారు. వెన్న, పాలు, పొడి, జున్ను అన్నిటికీ ఒకే పేరు గనుక ఒకదానికి వేసిన ప్రకటన అన్నిటికీ పనిచేస్తుంది.

అన్నిటికంటె పెద్ద నిర్ణయం 1973లో జరిగింది. జిల్లా యూనియన్లు కలిసి గుజరాత్ సమాఖ్యను ఏర్పరచుకున్నప్పుడు ఖేడా యూనియన్ తన పేరును అందరి వాడకానికీ ఇచ్చింది. అంటే ఏ జిల్లాలో పాలు చెడినా ఖేడా పేరే చెడుతుంది. ఇంట్లో ఆస్తిని ఉమ్మడిలో పెట్టినంత సాహసం అది. తెలుగునాట 'విజయ' పేరును మనమెరుగుదుము. 2014లో రాష్ట్రం రెండైన తరువాత కూడా ఒకటికి మించిన సంస్థలు ఆ పేరుతో పాలు అమ్ముతున్నాయి. బూతు దగ్గర పొట్లం అందుకునే ఇల్లాలికి ఈ వివరాలు పట్టవు. ఆమెకు తెలిసినది పేరు ఒక్కటే.

మన సంఘం పేరు పొట్లంమీద ఉండదు. అందుకే ఒక క్యాను సంగతి ఎవరికి తెలుస్తుందిలే అనిపిస్తుంది. ఎండాకాలంలో సాయంత్రం పాలు ఆలస్యంగా బయలుదేరితే పులుపు మొదలవుతుంది. అది కప్పిపుచ్చడానికి ఎవరైనా సోడా కలిపితే, క్యాను ట్యాంకరులో కలిసి వందల ఇళ్ళకు చేరుతుంది. డెయిరీ గేటు దగ్గర కాచి చూసే పరీక్ష కొంతవరకే కాపాడుతుంది.

మా తప్పు ఒకటి చెప్పుకుంటాము. ఒక వేసవిలో శీతలీకరణ కేంద్రంలో జనరేటరు చెడింది. పాలు అనుమానంగా ఉన్నాయని తెలిసీ, ట్యాంకరు పాలు పారబోయడానికి మనసొప్పక పంపించాము. రెండు వీధులలో పొట్లాలు కాచగానే విరిగాయి. మరునాడు కొత్త పొట్లాలు ఇచ్చి క్షమాపణ చెప్పుకున్నాము. ఎవరూ కోప్పడలేదు. కాని నెలసరి కార్డులు ఆ వీధులలో పడిపోయాయి, చలికాలం గడిచేదాకా తిరిగి రాలేదు. విరిగిన పాలకు ఉత్తరం రాసేవారు తక్కువ, బూతు మార్చేవారే ఎక్కువ. ఆ ట్యాంకరు ఖరీదుకంటె ఎక్కువే ఆ వీధులలో తిరిగి తిరిగి ఖర్చు పెట్టాము.

సభలో లేచిన ప్రశ్నకు మా జవాబు ఇదే. బోర్డుల ఖర్చు తక్కువే ఉండాలి. సర్వసభ్యులు దానిని లెక్క అడగాలి, మేము చూపాలి. పాలు సరిగా ఉంటే తక్కువ ఖర్చు చాలుతుంది, లేకుంటే ఎంత పెట్టినా చాలదు.

ఊళ్ళోనే పాలు, నెయ్యి అమ్ముకునే సంఘాలకు రెండు మాటలు. ఊరివారు మీ పాలను గుర్తుపట్టేది వేళను బట్టి, కొలతను బట్టి. ఆరింటికి తెరుస్తామంటే ఆరింటికే తెరవండి. వెన్న శాతం, ధర సుద్దముక్కతోనైనా రోజూ పలకమీద రాయండి. సొంత పేరుతో నెయ్యి అమ్మదలచినవారు పక్క ఊరి డెయిరీ పేరుకు ఒక అక్షరం మార్చి పెట్టుకోవద్దు. అది తగాదాకు దారి. 1999 నాటి వాణిజ్య చిహ్నాల చట్టం కింద పేరును రిజిస్టరు చేయించుకుంటే 10 సంవత్సరాలు చెల్లుతుంది, ఆ తరువాత పునరుద్ధరించుకోవచ్చు. ఆహార భద్రత ప్రాధికార సంస్థ ఇచ్చిన 14 అంకెల సంఖ్య లేబిలుమీద ఉండితీరాలి. లేబిళ్ళు వేలకొద్దీ అచ్చువేయించక ముందే నమూనా ఒకటి, దానితోపాటు పావుకిలో నెయ్యి మాకు పంపండి. అక్షరమూ రుచీ రెండూ చూసి తిప్పి పంపుతాము.