కార్జంలో నీళ్ల తిత్తి

పోయిన వేసవి సెలవులలో మా పెదనాన్నకు కుడి డొక్క కింద గడ్డలాగ లేచింది. నొప్పి లేదు. చిన్నప్పటి నుంచి మేకలు కాసినోడు, ఎప్పుడూ మంచం పట్టలేదు. ఊళ్లో ఒకాయన ఆముదం రాసి పిసికితే కరిగిపోతది అన్నాడు. మా నాన్న వినకుండా పట్నం ఆసుపత్రికి తీసుకుపోయాడు. స్కానింగు చేసి కాలేయంలో హైడాటిడ్ తిత్తి ఉన్నదన్నారు. "కడుపు పిసకలేదు కదా?" అని డాక్టరు గారు రెండుసార్లు అడిగారంట. ఎందుకు అట్లా అడిగారో మా సైన్సు టీచరును అడిగి తెలుసుకొని రాస్తున్నాను.

ఆ తిత్తి ఒక బద్దెపురుగు పిల్ల దశ. పేరు ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్. పెద్ద పురుగు కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది, కుక్క పేగులలో బతుకుతుంది. గుడ్లు కుక్క పెంటతో వచ్చి గడ్డికి, నీళ్లకు, కుక్క బొచ్చుకు కూడా అంటుకుంటాయి. ఆ గడ్డి మేసిన మేకలకు, గొర్రెలకు కార్జంలో తిత్తులు లేస్తాయి. ఆ కార్జం కుక్క తింటే దాని పేగులో మళ్లీ పురుగులే. మనిషి ఈ దారిలో పొరపాటున దూరినవాడు. కుక్కను నిమిరి చెయ్యి కడుక్కోకుండా అన్నం తింటే గుడ్లు లోపలికి పోవచ్చు. గుడ్డులోని పిల్ల పేగు గోడను తొలుచుకొని రక్తంలో పడి కాలేయం చేరుతుంది. నూటికి 70 మందికి దాదాపు అక్కడే ఆగుతుంది.

మరి మన రోగనిరోధక శక్తి నిద్రపోతుందా? నాకు వచ్చిన మొదటి అనుమానం ఇదే. నిద్రపోదు. న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు, పురుగుల మీదికి పోయే ఎసినోఫిల్స్ చుట్టుముడతాయి. కొన్ని పిల్లలు చస్తాయి. బతికినది తన చుట్టూ ఉల్లిగడ్డ లాగ పొర మీద పొర కట్టుకుంటుంది. మన కణాలు అందులోకి దూరలేవు. అప్పుడు మన శరీరం బయట నుంచి ఇంకో నారపొర కడుతుంది. అంటే గోడ ఇద్దరూ కలిసి కట్టినట్టే! (బొమ్మలో పచ్చరంగు మనది, నీలం పురుగుది. లోపల ఎర్రది పిల్లలు పుట్టే పొర.) రక్తంలో ప్రతిదేహాలు కూడా తయారవుతాయి గానీ అవి తిత్తిని చంపలేవు. పైగా తిత్తి యాంటిజెన్ బి అనే పదార్థం వదిలి తెల్ల కణాలను తన దగ్గరికి రానివ్వదు. ఇది నేను మూడుసార్లు చెప్పించుకున్నాను. అట్లా ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది.

ఇప్పుడు డాక్టరు గారి ప్రశ్న. ప్రతిదేహాలలో ఐజి-ఇ అని ఒక రకం మాస్ట్ కణాలకు అతుక్కొని కాచుకొని ఉంటుంది. తిత్తి పగిలి లోపలి నీళ్లు ఒక్కసారిగా ఒంట్లో కలిస్తే ఆ కణాలు హిస్టమిన్ గుమ్మరిస్తాయి. ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడదు, బి.పి. పడిపోతుంది. మనల్ని కాపాడే శక్తే ప్రాణం తీయగలదు. బతికినా ఆ నీళ్లలోని పిల్లలు కడుపులో చోటచోట కొత్త తిత్తులవుతాయి. పెదనాన్న పిసికించుకొని ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తది.

ఆయనకు ముందు ఆల్బెండజోల్ మాత్రలు ఇచ్చి తర్వాత ఆపరేషను చేశారు. మనకు నులిపురుగులకు ఇచ్చేది అదే మాత్ర. కానీ మనం ఒక్కటి నమిలితే తిత్తి పోదు, ఆయన నెలల తరబడి వేసుకున్నాడు.

ఐస్‌లాండ్ దేశంలో ఒకప్పుడు ఈ జబ్బు చాలా ఎక్కువ. 1864లో క్రాబె అనే డాక్టరు రాసిన చిన్న పుస్తకాన్ని ఇళ్లకు పంచారు. జనం చదివి, తిత్తులున్న కార్జం కుక్కలకు వేయటం మానుకున్నారు. ఇప్పుడు అక్కడ ఈ జబ్బు లేదు.

మన సంతలో మేకను కోసినప్పుడు నీటిబుగ్గలున్న కార్జం ముక్క కుక్కలకే విసురుతారు, నేను చూశాను. హాస్టలులో కూర వండే రోజు కూడా వంటశాల వెనక కుక్కలు చేరుతున్నాయి. వంట అక్కను అడిగితే కుక్కలు తవ్వలేనంత లోతు గుంట తీస్తే పూడుస్తానన్నది. మేము ఆరుగురం తవ్వుతాము. మేడమ్ గారు స్టోర్ రూములోని పార ఇప్పించగలరు.