తాతయ్యకు కనిపించని రంగు: డిస్‌ప్లే కాంట్రాస్ట్ లెక్క ఇదీ

తాతయ్య కోసం నేనో చిన్న మాత్రల రిమైండర్ యాప్ చేశాను. ఉదయం మాత్రకి లేత ఆకుపచ్చ, రాత్రి మాత్రకి లేత నీలం. వారం తిరగకముందే ఆయన ఉదయం మాత్ర రాత్రి కూడా వేసేసుకున్నారు. అడిగితే, “రెండూ ఒకటే రంగు కదరా!” అన్నారు. ఫోన్ డిస్‌ప్లే బాగానే ఉంది, తప్పు నా డిజైన్‌ది.

వయసు పెరిగేకొద్దీ కంటిలోని లెన్స్ పసుపు రంగుకు తిరుగుతుంది, నీలం కాంతిని ఎక్కువగా ఆపేస్తుంది. దాంతో నీలానికీ ఆకుపచ్చకీ తేడా తగ్గిపోతుంది. నేను వాడిన రెండు లేత రంగుల వెలుగు కూడా దాదాపు సమానమే. రంగు తేడా పోయాక ఇక మిగిలిందేముంది?

కాంట్రాస్ట్ రేషియో కొలిచేది ఈ వెలుగు తేడానే. తెల్లటి స్క్రీన్ మీద నలుపుకి 21:1 వస్తే, పసుపుకి సుమారు 1.07:1 మాత్రమే. డబ్ల్యూసీఏజీ ప్రమాణాల డబుల్ ఏ లెవెల్ ప్రకారం మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. మనకి స్టైలిష్‌గా అనిపించే #777777 బూడిద రంగు తెలుపు మీద 4.48 దగ్గరే ఆగిపోతుంది!

ఇంకో రూల్: ఏ విషయాన్నీ రంగు ఒక్కదానితోనే చెప్పకండి. ఇప్పుడు నా యాప్‌లో ఉదయానికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు, పక్కనే పెద్ద నల్లటి అక్షరాల్లో పేరు ఉన్నాయి.

మీ యాప్ స్క్రీన్‌షాట్‌ని ఒకసారి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. అర్థం కాకపోతే, రిలీజ్ ఆపండి.